శాంతినగర్ ఫ్యామిలీ కోర్టు దగ్గర లాయరమ్మ ఆఫీసు: విడాకుల కన్సల్టేషన్ మీద నా రివ్యూ

బెంగళూరులో విడాకుల కేసు చూసే తెలుగు లాయర్ ఎవరైనా ఉన్నారా అని మన అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అందరూ "మా ఫ్రెండ్ కోసం" అనే అడుగుతారు అది వేరే సంగతి. మేం మాత్రం నిజంగానే మా పిన్ని కూతురి కోసం తిరిగాం. చివరికి విల్సన్ గార్డెన్ వైపు ఒక క్రాస్ రోడ్డులో ఉన్న లాయరమ్మ ఆఫీసులో తేలాం, ఇప్పుడు కేసు ఆవిడే చూస్తోంది. పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఎందుకంటే లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉందట, "నా పేరు ఎక్కడా రాయొద్దమ్మా" అని ఆవిడే చెప్పింది. కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి, నంబర్ ఇస్తా.

ముందు ఆఫీసు గురించి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మా పిన్నికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మెట్లెక్కేసరికి ఆయాసం. ఫ్యామిలీ కోర్టు ఉన్న న్యాయ దేగుల బిల్డింగ్, హెచ్ సిద్దయ్య రోడ్డులోది, అక్కడి నుంచి దగ్గరే కాబట్టి ఆవిడ పొద్దున్నంతా కోర్టులోనే ఉంటుంది, సాయంత్రం ఐదు తర్వాతే దొరుకుతుంది. అపాయింట్‌మెంట్ టైమ్ అనేది పేరుకే, గంట లేటు గ్యారంటీ. వెయిటింగ్‌లో కూర్చుంటే పక్క రూమ్‌లో మాటలన్నీ వినిపిస్తాయి, మధ్యలో ఉన్నది ప్లైవుడ్ పార్టిషనే మరి. ఎవరింటి గొడవో మనం వింటాం, మన గొడవ ఇంకెవరో వింటారు, విడాకుల ఆఫీసుకి ఇదొక్కటి మాత్రం అస్సలు బాలేదు. ఆవిడకీ చెప్పాను, "ఓనర్ గోడ కట్టనియ్యడమ్మా" అంది.

ఆవిడది హిందూపురం వైపు, తెలుగు కన్నడ రెండూ ఒకే వాక్యంలో కలిపేస్తుంది, యాస మనసుకి హాయిగా ఉంటుంది కానీ ప్రశ్నలు మాత్రం హాయిగా ఉండవు. నాకు నచ్చింది కూడా అదే.

మా కేసు ఏంటంటే, చెల్లి పెళ్ళి తిరుపతిలో అయింది, కాపురం ఇక్కడ కసవనహళ్ళిలో, ఇద్దరూ ఉద్యోగాలే. మా మరిదిగారు రెండేళ్ళు బాగానే ఉన్నట్టు ఉండి తర్వాత మొదలుపెట్టాడు. రోజుల తరబడి మాట్లాడకపోవడం, చెల్లి జీతం పడ్డ రోజే మొత్తం తన అకౌంట్‌కి వేయించుకోవడం, వాళ్ళ మేనేజర్‌కి ఫోన్ చేసి మా ఆవిడ నిజంగా ఆఫీసులోనే ఉందా అని అడగడం, చుట్టాల ముందు దీనికేం రాదు అని నవ్వడం. చేయి చేసుకోలేదు. ఏడాదిన్నర క్రితం ఒకరోజు సూట్‌కేస్ తీసుకుని హైదరాబాద్‌లో వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు, ఫోన్లు ఎత్తడు, అద్దె కట్టడు. ఇంట్లో అందరం అనుకుంది ఒకటే, మొగుడు వదిలేసి పోయాడు, ఇంతకంటే ఏం కావాలి విడాకులకి అని.

ఇక్కడికి రాకముందు ఒక ఆన్‌లైన్ యాప్‌లో డబ్బులు కట్టి ఫోన్ కన్సల్టేషన్ తీసుకున్నాం. అవతల లాయర్ మా కథ సగం కూడా వినలేదు, "498ఎ వేసేద్దాం మేడమ్, అత్తామామల పేర్లు కూడా కలిపేద్దాం, వారంలో దారికొస్తారు" అన్నాడు. 498ఎ అంటే భర్త, అత్తింటివాళ్ళు వేధించారని పెట్టే క్రిమినల్ కేసు. చెల్లి వాళ్ళ అత్తగారు మహా అయితే పండక్కి ఫోన్ చేసి చీర నచ్చిందా అని అడిగే మనిషి, ఆవిడ పేరెందుకు అంటే "ప్రెషర్ కోసం" అట. మాకు ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది, ఫోన్ పెట్టేశాం.

ఈ లాయరమ్మకి ఆ సంగతి చెప్తే నవ్వలేదు, కోప్పడలేదు, బీరువాలోంచి ఒక ఫైల్ తీసి 2013 సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపించింది. శ్రీనివాసరావు, దీప అనే మన తెలుగువాళ్ళ కేసే, హైదరాబాద్‌లో మొదలై ఢిల్లీ దాకా వెళ్ళింది. అబద్ధపు కంప్లైంట్లు పెట్టడం కూడా మానసిక క్రూరత్వమే అని అందులో కోర్టు తేల్చి భర్తకి విడాకులు ఇచ్చింది, పైగా ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటేనే క్రూరత్వం అవుతుందని ఏం లేదు అని కూడా చెప్పింది. "నిజంగా జరిగింటే వెయ్యాల్సిందే, నేనే వేస్తా. జరగంది వేస్తే ఇంతసేపూ అతని తప్పుగా ఉండేది నీ తప్పయి కూర్చుంటుంది" అంది. ఇప్పుడు ఆ 498ఎ నంబర్ కూడా మారిపోయింది, 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు, యాప్ లాయర్‌కి ఆ ఊసు కూడా లేదు.

అసలు విషయానికి వస్తా. వదిలేసి పోవడం, కోర్టు భాషలో డిజర్షన్, హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఉంది కానీ పిటిషన్ వేసే రోజుకి వెనక్కి లెక్కపెడితే ఆగకుండా రెండేళ్ళు నిండి ఉండాలి. మాకు ఏడాదిన్నరే. సరే ఆరు నెలలు ఆగుదాం అంది చెల్లి. అప్పుడు లాయరమ్మ అడిగింది, "రేపు పొద్దున సూట్‌కేస్ తీసుకుని వచ్చి తలుపు కొడితే ఏం చేస్తావు? లోపలికి రానిస్తావా?"

చెల్లి ఏం మాట్లాడలేదు. కాసేపయ్యాక "లేదు మేడమ్, రానివ్వను" అంది.

"అయితే డిజర్షన్ మీద ఇల్లు కట్టొద్దు మ్మా."

నేను కొంచెం గట్టిగానే అడిగాను, అదెలా మేడమ్, పోయింది వాడు కదా అని. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇల్లు విడిచి పోవడం ఒక్కటే సరిపోదట, ఇక కాపురం వద్దు అనే ఉద్దేశం పోయినవాడికి ఉండాలి, మిగిలిపోయిన మనిషి దానికి ఒప్పుకుని ఉండకూడదు, పోవడానికి ఈ మనిషి సరైన కారణం ఇచ్చి ఉండకూడదు. వాడు నిజంగా కాపురానికి వస్తానంటే మనం కారణం లేకుండా వద్దు అన్నామనుకోండి, ఆ రోజుతో వాడు వదిలేసినవాడు అన్న లెక్క తప్పుతుంది. దీనికి ఆవిడ చెప్పిన పాత కేసు నాకు భలే గుర్తుండిపోయింది, 1956లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన బిపిన్‌చంద్ర షా కేసు. భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది, నన్ను వదిలేసింది అని భర్త కోర్టుకి వెళ్ళాడు, తీరా చూస్తే ఆమెని తిరిగి పంపిద్దాం అని అటువైపు పెద్దవాళ్ళు అనుకుంటుంటే పంపించొద్దు అని టెలిగ్రామ్ కొట్టింది ఈయనే. కేసు పోయింది. ఇప్పుడు టెలిగ్రామ్ బదులు వాట్సాప్ అంతే తేడా, చెల్లి కోపంలో "నీ మొహం నాకు చూపించకు, తాళం మార్చేశా" అని పెట్టిన మెసేజ్ ఆయన ఫోన్‌లో భద్రంగానే ఉండి ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పింది, ఇది మాకు వర్తించదు కానీ చాలామందికి పనికొస్తుంది. ఇంట్లోంచి బయటికి వచ్చింది నేనే కదా, నేనే వదిలేసినట్టు అవుతుందేమో అని ఆడవాళ్ళు భయపడతారు. ఉండలేని పరిస్థితి సృష్టించి బయటికి వెళ్ళగొట్టినవాడే చట్టం దృష్టిలో వదిలేసినవాడు, గడప దాటింది ఎవరి కాళ్ళు అన్నది ముఖ్యం కాదు. చట్టంలోనే వివరణ ఉంది, కావాలని పట్టించుకోకుండా ఉండటం కూడా డిజర్షన్ కిందకే వస్తుందని.

మరి మాకు మిగిలింది ఏంటి? క్రూరత్వం. చేయి చేసుకోలేదు కదా మేడమ్ అని మా పిన్ని మెల్లగా అంది, పాపం ఆవిడ దృష్టిలో కొడితేనే కష్టం. 1976కి ముందు అయితే హిందూ వివాహ చట్టంలో క్రూరత్వానికి, వదిలేయడానికి విడాకులే లేవట, విడిగా ఉండటానికి డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు, మాత్రం ఇచ్చేవాళ్ళు, ఆ ఏడాది సవరణతోనే ఈ రెండూ విడాకుల కారణాలయ్యాయి. ఒంటి మీద దెబ్బ ఉండాలని ఎక్కడా లేదు. 1988లో శోభారాణి కేసులో, అది కూడా మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిందే, భర్త డాక్టరు, కట్నం అడగటమే క్రూరత్వం అని, బాధపెట్టాలనే ఉద్దేశం ఉందని విడిగా రుజువు చేయక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో సమర్ ఘోష్ కేసులో మానసిక క్రూరత్వం ఎలా ఎలా ఉండొచ్చో ఉదాహరణల లిస్టే ఇచ్చింది. అయితే అదే తీర్పులో రోజువారీ సంసారంలో ఉండే చిటపటలు, చిన్న చిన్న చిరాకులు క్రూరత్వం కిందకి రావు అని కూడా ఉంది, ఈ ముక్కని మాత్రం యూట్యూబ్ లాయర్లు చెప్పరు.

అందుకే ఆవిడ చేసిన మొదటి పని చెల్లికి ఒక నోట్‌బుక్ ఇచ్చి ఇంటికి పంపించేయడం. "తిట్టినాడు, బాధపెట్టినాడు అని రాయొద్దు. ఏ రోజు, ఎక్కడ, ఏమన్నాడు, ఎవరు విన్నారు, దానికి కాయితం ఏముంది, అది రాయి." చెల్లి మూడు పేజీలు ఏడుపే రాసుకొచ్చింది, ఆవిడ చదివి వెనక్కి ఇచ్చేసింది. రెండోసారి రాసినప్పుడు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో జీతం పడ్డ రోజు, అదే రోజు ట్రాన్స్‌ఫర్ అయిన రోజు పక్కపక్కన పెట్టింది, మేనేజర్‌కి వచ్చిన కాల్ గురించి అప్పట్లో హెచ్‌ఆర్‌కి పంపిన మెయిల్ దొరికింది. చూస్తుంటే నాకే ఒళ్ళు మండింది, ఏడుపు చదివినప్పుడు కూడా అంత అనిపించలేదు. క్రిమినల్ కేసులోలాగా సందేహం అనేదే లేకుండా నిరూపించాల్సిన పని లేదు, ఏది ఎక్కువ నమ్మేలా ఉందో చూస్తారు చాలు అని 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట.

ఆ కేసులోనే ఒక తిరకాసు ఉంది. భార్య ప్రవర్తన క్రూరత్వమే అని కోర్టు ఒప్పుకుంది, కానీ ఆ తర్వాత కూడా ఇద్దరూ మామూలుగా కాపురం చేశారు కాబట్టి భర్త క్షమించేసినట్టే అని విడిపోవడానికి డిక్రీ ఇవ్వలేదు. ఇది చెప్పి చెల్లి వైపు తిరిగి, "మేనేజర్‌కి ఫోన్ చేసిన తర్వాత మీరిద్దరూ కూర్గ్ పోయినారా?" అంది. వెళ్ళారు. ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నాయి, కింద లవ్ సింబల్స్ కూడా. ఇవన్నీ అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికి తీస్తాడు, ఇప్పుడే చెప్పు అంది. అయితే క్షమించిన తర్వాత మళ్ళీ అలాగే చేస్తే పాతదంతా తిరిగి లేస్తుంది కాబట్టి కూర్గ్ తర్వాత జరిగినవే ముందు పెట్టి, పాతవి వెనక పెట్టి పిటిషన్ రాసింది. ఫొటోలు డిలీట్ చేయనా అని చెల్లి అడిగితే అంత గట్టిగా అరవడం నేను ఆవిడ దగ్గర ఆ ఒక్కసారే చూశా.

కాల్ రికార్డింగ్‌లు కూడా ఉన్నాయి మా దగ్గర, చెప్పకుండా రికార్డ్ చేసినవి. అవి చెల్లవేమో అనుకున్నాం, 2025 జులైలో సుప్రీంకోర్టు భార్యాభర్తల కేసుల్లో అలాంటివి సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పిందట. కానీ అసలు ఫోన్ అలాగే ఉంచాలి, రికార్డింగ్ ఏ ఫోన్‌లోది, ఎలా తీసింది అని చెప్పే సర్టిఫికెట్ పెట్టాలి, పాత సాక్ష్య చట్టంలోని 65బి ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్. చెల్లి ఆ ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దాం అనుకుంటోంది అప్పుడే, ఆపాం.

ఇంత కష్టం ఎందుకు, ఇద్దరూ ఒప్పుకుంటే అయిపోతుంది కదా అంటారా, ఆవిడ కూడా ముందు అదే చూసింది. 13బి కింద మ్యూచువల్, ఏడాది విడిగా ఉంటే చాలు, మాకు అది నిండిపోయింది. వేశాక ఆరు నెలలు ఆగాలి అని ఉంటుంది కానీ 2017లో అమర్‌దీప్ సింగ్ తీర్పు తర్వాత రాజీ కుదరదని తేలిపోయి, భరణం లాంటివన్నీ సెటిల్ అయిన కేసుల్లో జడ్జిగారు ఆ ఆరు నెలలు తీసేయొచ్చు. ఆవిడే మరిదికి మర్యాదగా లెటర్ రాసింది, తిట్లు లేవు బెదిరింపులు లేవు. జవాబు లేదు. ఆయనకి విడాకులూ వద్దు, కాపురమూ వద్దు, అదొక రకం మనిషి. మనసులు విరిగిపోయాయి ఇక అతకవు అని చెప్తే విడాకులు రావా అని నేను అడిగాను. అది చట్టంలో కారణంగా లేదట, లా కమిషన్ 1978లోనే పెట్టమని సిఫార్సు చేసినా ఇప్పటికీ పెట్టలేదు, 2023లో శిల్పా శైలేష్ తీర్పు ప్రకారం రాజ్యాంగంలోని ఆర్టికల్ 142 కింద సుప్రీంకోర్టు మాత్రం ఇవ్వగలదు, ఫ్యామిలీ కోర్టు ఇవ్వలేదు. దాదాపు ఏభై ఏళ్ళ నుంచి ఈ ఒక్కటి పెట్టలేకపోయారంటే ఏమనాలో నాకు తెలీదు. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే విడాకులు, సన్యాసం పుచ్చుకుంటే విడాకులు, వీటికి చట్టంలో చోటుంది మరి.

కేసు ఎక్కడ వేయాలి అనేదాని మీద కూడా మా ఇంట్లో పెద్ద చర్చ, పెళ్ళి తిరుపతిలో కాబట్టి అక్కడే వేయాలని మా బాబాయ్ పట్టు. పెళ్ళి జరిగిన చోట వేయొచ్చు, చివరిగా కలిసున్న చోట వేయొచ్చు, అవతలి మనిషి ఉండే చోట వేయొచ్చు, వేసేది భార్య అయితే తను ఉంటున్న చోటా వేయొచ్చు, ఇది 2003లో కలిపారు. కాబట్టి ఇక్కడే వేశాం, చెల్లి ఆఫీసుకి లీవు పెట్టి తిరుపతి తిరగాల్సిన పని తప్పింది.

ఇప్పుడు బాలేనివి. మొదటి డ్రాఫ్ట్‌లో మా బాబాయ్ పేరు తప్పు, పెళ్ళి మండపం పేరు తప్పు, ఒక పేరాలో ఇంకెవరిదో కేసు తాలూకు "పెద్ద కుమారుడు" వచ్చేశాడు, చెల్లికి పిల్లలే లేరు. జూనియర్లు పాత ఫైల్ మీద కాపీ పేస్ట్ చేస్తారు, సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదవండి, అది మీ అఫిడవిట్. వాట్సాప్‌లో ప్రశ్న పెడితే జవాబు రెండు రోజులకి, అది కూడా "ఓకే మ్మా". క్లర్క్ కన్నడ తప్ప మాట్లాడడు, జెరాక్స్ అనీ స్టాంపులు అనీ విడిగా చిల్లర అడుగుతుంటాడు, నేను రసీదు అడిగాక తగ్గింది.

ఫీజు విషయంలో మాత్రం సూటిగా ఉంది. మొదటి కన్సల్టేషన్ పదిహేను వందలు, గంట అన్నారు కానీ దాదాపు రెండు గంటలు కూర్చుంది. కేసుకి మొత్తం ఇంత అని ముందే రాసి ఇచ్చింది, మూడు విడతలు. భరణంలో పర్సెంటేజ్ అడిగే లాయర్ల గురించి విని ఉన్నాం కాబట్టి అడిగితే, అలా కేసు ఫలితం మీద ఫీజు పెట్టడమే రూల్స్‌కి విరుద్ధం, అడిగినవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి అంది. డబ్బు కష్టమైతే నా దగ్గరికి కూడా రావొద్దు అని ఇంకో క్లయింట్‌కి చెప్తుంటే పార్టిషన్ అవతల నుంచి విన్నాను (ప్లైవుడ్ వల్ల ఒక లాభం), ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ వాళ్ళు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేయొచ్చు.

కేసు ఎప్పటికి తేలుతుందో ఆవిడ చెప్పలేదు, అడిగినా చెప్పదు. ప్రస్తుతం కౌన్సెలింగ్ దశలో ఉంది, ఫ్యామిలీ కోర్టులో ముందు కలిపే ప్రయత్నం చేయాలని చట్టమే చెప్తుంది కాబట్టి అది తప్పదు, మరిది ఒకసారి వచ్చాడు ఒకసారి రాలేదు. వారంలో దారికొస్తారు, మూడు నెలల్లో డిక్రీ ఇప్పిస్తా అనేవాళ్ళు కావాలంటే మీకీ ఆఫీసు నచ్చదు.

ఇంకో విషయం, నేను రాసిందంతా హిందూ వివాహ చట్టం కింద. స్పెషల్ మ్యారేజ్ కింద రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకి 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, క్రైస్తవులకి 1869 నాటి చట్టం, ముస్లిం ఆడవాళ్ళకి 1939 చట్టం, కారణాలు కొన్ని కలుస్తాయి కొన్ని కలవవు, ఎన్నేళ్ళు అనే లెక్క కూడా అన్నిట్లో ఒకటే కాదు. ముందు మీ పెళ్ళి ఏ చట్టం కింద అయిందో చూసుకుని వెళ్ళండి. మా బిల్డింగ్‌లో ఒకమ్మాయి గుళ్ళో పెళ్ళి చేసుకున్నాం అనుకుంటూ తీరా సర్టిఫికెట్ చూస్తే స్పెషల్ మ్యారేజ్ అని ఉంది.

అయిదుకి నాలుగు ఇస్తున్నా. ఒకటి డ్రాఫ్ట్ తప్పులకీ పార్టిషన్‌కీ కలిపి కోసేశా. వెళ్ళేటప్పుడు పెళ్ళి సర్టిఫికెట్, శుభలేఖ, రెండు పెళ్ళి ఫొటోలు, ఆధార్, కాపురం ఉన్న ఇంటి రెంటల్ అగ్రిమెంట్ పట్టుకెళ్ళండి, శుభలేఖ లేకపోతే వెనక్కి పంపించేస్తారు. కారులో అయితే క్రాస్‌లో చోటు ఉండదు, శాంతినగర్ బస్టాండ్ పార్కింగ్‌లో పెట్టి ఆటోలో వెళ్ళడం మేలు. పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే మెట్ల సంగతి ముందే చెప్పండి, ఫోన్ చేస్తే కోర్టు దగ్గరే కింద టీ షాపులో కూర్చుని మాట్లాడుతుంది, మా పిన్ని సంతకాలన్నీ అక్కడే పెట్టింది.